లోపల పట్టనివి

తొమ్మిదడుగుల సర్ఫ్‌బోర్డు మామూలు కారులో పట్టదు. ముందు సీటు పూర్తిగా వెనక్కి వాల్చి, డాష్‌బోర్డు దాకా తోసి, ఎలాగోలా డిక్కీ తలుపు మూసేస్తే ఒక్కడివే వెళ్ళొచ్చు. పక్కన మనిషికి చోటుండదు. ఇంటిల్లిపాదీ వెళ్ళాలంటే, దాంతోపాటు డేరా, పరుపులు, పొయ్యి, బియ్యం కూడా రావాలంటే, బోర్డు కారు నెత్తికెక్కాల్సిందే. ఈ సంగతి నాకు ముందు లెక్కగా తెలిసింది. మా అమ్మానాన్నా ఇక్కడికొచ్చిన ఏడాది ఇంట్లో పేచీగా కూడా తెలిసింది.

సర్ఫింగ్ మీద నేను చదివినవాటిలో గొప్ప పుస్తకం విలియం ఫినెగన్ రాసిన 'బార్బేరియన్ డేస్'. 2016లో దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. నీటిని అంత నిశితంగా చూసిన వచనం నేను వేరే చదవలేదు. సినిమాల్లో అయితే 1966 నాటి 'ది ఎండ్‌లెస్ సమ్మర్' ఉండనే ఉంది. చదివాక, చూశాక మనసులో మిగిలేది మాత్రం అలే. బయల్దేరే ముందు బోర్డుని కారుకి కట్టిన పావుగంట ఎవరికీ గుర్తుండదు. ఈ విషయంలో మన ఏనుగుల వీరాస్వామయ్య నయం. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరినాయన, 'కాశీయాత్ర చరిత్ర'లో దేవుళ్ళ గురించి ఎంత రాశాడో బోయీల గురించీ, దారుల గురించీ, ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుందన్న దాని గురించీ అంత శ్రద్ధగా రాసుకున్నాడు. మోసేదెవరు, మోయించేదేమిటి అన్నది ఆయనకి యాత్రలో భాగమే. నేను రాయబోయేది కూడా ఆ మోత గురించే. అల గురించి కాదు.

బోర్డులు మొదట్నుంచీ కార్లెక్కలేదు. 1885 వేసవిలో, శాన్ మేటియోలో చదువుకుంటున్న ముగ్గురు హవాయి రాకుమారులు శాంటాక్రూజ్ వచ్చి, శాన్ లోరెంజో నది సముద్రంలో కలిసేచోట అలలెక్కారు. అమెరికా ప్రధాన భూభాగంలో సర్ఫింగ్‌కి దొరికే తొలి ఆధారం అదే. వాళ్ళ పలకలు అక్కడి రెడ్‌వుడ్ చెక్కతో కోయించినవి. అలాంటి నిండు చెక్క పలకని ఒడ్డు దాకా ఈడ్చుకెళ్ళడమే ఒక పని. 1950ల చివర్లో హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ లాంటివాళ్ళు పాలీయురెథేన్ నురగతో అచ్చుపోసి, పైన ఫైబర్‌గ్లాస్ పొర వెయ్యడం మొదలుపెట్టాక కథ మారింది. బోర్డు ఒక మనిషి చంకలో ఇముడుతుంది ఇప్పుడు. నా తొమ్మిదడుగుల బోర్డు ఏడు కిలోలు. అంత తేలికయింది కాబట్టే కారెక్కింది. తంటా కూడా ఆ తేలికదనంతోనే.

కారు మీద సామాను అనగానే మనం బరువు గురించి భయపడతాం. గాలికి బరువుతో పేచీ లేదు. గంటకి 65 మైళ్ళంటే సెకనుకి 29 మీటర్లు. ఆ వేగంలో ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకి దాదాపు యాభై కిలోల బరువుతో సమానం. వేగం రెట్టింపయితే అది నాలుగు రెట్లవుతుంది. తొమ్మిదడుగుల బోర్డు వైశాల్యం చదరపు మీటరు పైనే. గాలికి ఎదురుగా నిలబెట్టి తీసుకెళ్ళం కాబట్టి ఆ బలం మొత్తం దాని మీద పడదు. కానీ కొస కాస్త పైకి లేచి కిందికి గాలి దూరిందంటే, అందులో మూడోవంతు చాలు ఏడు కిలోల వస్తువుని లేపడానికి. అంటే బోర్డుని కట్టేది కిందపడిపోకుండా కాదు, పైకి ఎగిరిపోకుండా.

అందుకే ఆ కట్టే పద్ధతి. వ్యాక్సు రాసిన వైపు కిందికి, ఫిన్లున్న వైపు పైకి పెట్టాలి. బోర్డు కొసల వంపు అప్పుడు నేలకేసి ఉంటుంది, గాలి దాన్ని లేపే బదులు అదుముతుంది. తోక ముందుకి, ఫిన్లు ముందు పట్టీకి ఇవతల ఉండాలి. బోర్డు వెనక్కి జారబోతే ఫిన్లే పట్టీకి తగులుకుని ఆపుతాయి. పట్టీలు చేత్తో లాగి బిగించే రకానివే వాడాలి. లారీలకి వాడే, పళ్ళచక్రంతో బిగించే పట్టీలు వద్దు. వాటి బలానికి ఫైబర్‌గ్లాస్ పొర చిట్లి లోపలి నురగ నలిగిపోతుంది. బల్లపరుపుగా ఉన్న పట్టీ గాలికి వణికి, గంటసేపు ఒకటే రొద పెడుతుంది. దాన్ని ఒక మెలిక తిప్పి కడితే రొద ఆగిపోతుంది. మెలిక వల్ల గాలి పట్టీ పొడుగునా ఒకే లయలో విడిపోదు, అంతే. మొదటిసారి ఆ మెలిక వేసి హైవే ఎక్కినప్పుడు కారులో ఏర్పడిన నిశ్శబ్దం, వారం రోజులు వెంటాడిన బగ్గు ఒక్క లైనుతో పోయినప్పటి సుఖం లాంటిది.

అమ్మానాన్నా వచ్చింది వేసవిలో. న్యూ బ్రైటన్ స్టేట్ బీచ్‌లో మూడు రాత్రులకి చోటు ఆర్నెల్ల ముందే తీసుకున్నాం. అక్కడ అలా తీసుకోకపోతే దొరకదు. మేం ముగ్గురం, వాళ్ళిద్దరూ. అయిదు సీట్ల కారులో అయిదుగురం.

మా కారు మాన్యువల్ ప్రకారం నడుస్తున్నప్పుడు నెత్తిమీద 165 పౌండ్లు మించకూడదు. అడ్డకమ్ములు 12 పౌండ్లు, సామాను పెట్టె 35, రెండు బోర్డులూ కలిపి 30. మిగిలింది 88. అందులో పరుపుచుట్టలు, దిండ్లు, మడత కుర్చీలు సుఖంగా సరిపోతాయి. ఇబ్బంది వెడల్పుతో. అడ్డకమ్మి యాభై అంగుళాలు. వెడల్పాటి పెట్టె పెడితే బోర్డులకి చోటు లేదు. అంచేత ఇరవై అయిదు అంగుళాల సన్న పెట్టె కుడివైపున, ఎడమవైపున బోర్డులు ఒకదాని మీద ఒకటి, మధ్యలో పాత తువ్వాలు. రెండంగుళాల సందు మిగిలింది. డేరా, నీళ్ళ డబ్బాలు, పొయ్యి, కుక్కరు, గిన్నెలు, అయిదు కిలోల బియ్యం లాంటి బరువులన్నీ కింద డిక్కీలో. బరువు ఎంత కిందికుంటే మలుపుల్లో కారు అంత నిలకడగా ఉంటుంది.

ఇంకా రెండు సంచులు మిగిలాయి. వాటిని వెనక సీటు ముందు, కాళ్ళ దగ్గర పెట్టాను. సర్దడం చూస్తూ నిలబడ్డ నాన్న అప్పుడు నోరు విప్పాడు.

"ఆ చెక్కలు తీసేస్తే పెద్ద పెట్టె పడుతుంది గదరా పైన?"

"పడుతుంది నాన్నా."

"మరి ఆ చెక్కల కోసం మీ అమ్మ కాళ్ళు ముడుచుక్కూచోవాలా? మోకాళ్ళ నొప్పులు పెట్టుకుని?"

లెక్క ప్రకారం ఆయనదే ఒప్పు. డేరా లేకపోతే పడుకోలేం, బియ్యం లేకపోతే తినలేం. బోర్డు లేకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. మనవాళ్ళు ఈ దేశానికి తలా రెండు ఇరవై మూడు కిలోల పెట్టెలతో వస్తారు. తూకం వేసి, తీసి, మళ్ళీ పెట్టి, ప్రతి కిలోకీ ఒక కారణం చెప్పి తెస్తారు. పచ్చడికి కారణం ఉంటుంది. ఇడ్లీ ప్లేట్లకి కారణం ఉంటుంది. నా పెట్టెలో పుస్తకాలకి కూడా పరీక్షలనే కారణం చెప్పాను అప్పట్లో. పదేళ్ళు దాటాక మా ఇంట్లో, ఎందుకు అనడిగితే జవాబు చెప్పలేని మొదటి వస్తువు ఈ బోర్డు. అది ఇంట్లో పట్టదు, కారులో పట్టదు, ఫోనులో అమ్మకి చెప్పే విశేషాల్లోనూ పట్టలేదు. వాళ్ళకి దాని సంగతి అప్పటిదాకా తెలీదు.

"రెండెందుకు? రెండోది ఎవరిది?" అన్నాడు నాన్న.

"నాది మావయ్యగారూ," అంది మా ఆవిడ వెనకాల నుంచి. "అత్తయ్యగారి కాళ్ళ దగ్గర ఏం పెట్టను. ఆ సంచులు నా కాళ్ళ దగ్గర పెట్టుకుంటాను."

నాన్న ఏమీ అనలేదు. లోపలికెళ్ళిపోయాడు. నిజానికి ముందు నేర్చుకున్నది తను. నాకంటే బాగా నిలబడేదీ తనే.

సంచులు ఒక వంక మాత్రమేనని నాకు తెలుసు. మా చిన్నాన్న పదహారేళ్ళప్పుడు కాలవలో మునిగిపోయాడు. నేను పుట్టకముందు సంగతి. ఇంట్లో ఫోటో ఉండేది, మాట ఉండేది కాదు. చుట్టూ కాలవలున్న ఊళ్ళో పెరిగి కూడా మా ఇంట్లో పిల్లలెవరికీ ఈత రాదు. గట్టు మీదికి వెళ్తే వీపు పగిలేది. నేను ఈత నేర్చుకుంది ముప్ఫై ఒకటో ఏట, ఫ్రీమాంట్‌లో ఊరి వాళ్ళ ఈత కొలనులో, ఆరేళ్ళ పిల్లల పక్కన. ఈ సంగతి కూడా ఫోనులో చెప్పలేదు. కాలికి కట్టుకున్న తాడు తెగిపోతే బోర్డు అల పట్టుకుపోతుంది, మనిషి సొంతంగా ఒడ్డుకి రావాలి. ఈత రాకుండా ఇందులోకి దిగేవాడు ఎవడూ ఉండకూడదు. ఇవన్నీ ఆ రాత్రి నాన్నకి చెప్పాను. విన్నాడు. "నీకో పిల్ల ఉంది," అన్నాడు చివరికి. దానికి జవాబు చెప్పడానికి నా దగ్గర లెక్కేమీ లేదు.

పొద్దున నేను బోర్డులెక్కిస్తుంటే ఆయనే బయటికొచ్చాడు. కాసేపు చూసి, అవతలివైపుకి వెళ్ళి పట్టీ అందుకున్నాడు.

"గడ్డి బండికి మోకు కట్టినట్టే గదా ఇది," అన్నాడు.

నాన్న బడిపంతులుగా రిటైరయ్యాడు గాని చిన్నప్పుడంతా వ్యవసాయమే. వరిగడ్డి కూడా అంతేనట. బరువు తక్కువ, పరిమాణం ఎక్కువ, గాలికి లేచే రకం. బండి మీద ఎత్తుగా పేర్చి, పైనొకడు నిలబడి తొక్కుతుంటే, కిందినుంచి ఇద్దరు మోకు లాగి బిగించేవాళ్ళట. "కళ్ళంలో ఎంత బిగించినా లాభం లేదు. కొంత దూరం పోయాక గడ్డి సర్దుకుంటుంది, మోకు వదులైపోతుంది. ఆపి మళ్ళీ బిగించాలి. అప్పుడు బిగించిందే అసలు కట్టు."

నేను ఈ మాట ఇక్కడి బోర్డుల దుకాణంలో విన్నాను. అడ్డకమ్మి మీద వేసిన మెత్త నలుగుతుంది, పట్టీ తన చోటు వెతుక్కుంటుంది, మొదటి పది మైళ్ళకే వదులవుతుంది, ఆపి చూడమని. అదే మాట గడ్డి భాషలో వినడం అప్పుడే. నాన్న పట్టీ లాగి, మిగిలిన కొసని గాలికి కొట్టుకోకుండా కమ్మికి చుట్టి ముడేశాడు. బోర్డు పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. బోర్డుతోపాటు కారు ఊగింది. "ఆఁ, ఇప్పుడు సరిపోయింది," అన్నాడు. కట్టు పరీక్ష అంటే అదే. బోర్డొక్కటే ఊగితే కట్టు వదులున్నట్టు.

శాన్ హోసే దాటి, 17వ నెంబరు రోడ్డు కొండెక్కే ముందు ఆపాను. పట్టీలు రెండూ వేలు దూరేంత వదులయ్యాయి. నాన్న తలుపు తీసుకుని దిగాడు, ఆయన వైపుది ఆయనే బిగించాడు. ఆ రోడ్డు శాంటాక్రూజ్ కొండల్లోంచి మెలికలు తిరుగుతూ 1800 అడుగుల దాకా ఎక్కి సముద్రం వైపు దిగుతుంది. దారి ఇరుకు, మధ్యలో గోడ, ప్రతి మలుపులోనూ పక్క కారు మీదికి వస్తున్నట్టే ఉంటుంది. నెత్తిన సామానుంటే మలుపుల్లో మెల్లగా వెళ్ళాలి, వెనకవాళ్ళు విసుక్కున్నా సరే. పెట్రోలు ఖర్చు చెప్పక్కర్లేదు. కారు మీద పెద్ద పెట్టె ఉంటే హైవే మీద మైలేజీ 6 నుంచి 17 శాతం దాకా తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క.

న్యూ బ్రైటన్‌లో డేరాలు వేసుకునే చోటు సముద్రం పైన గట్టు మీద ఉంటుంది. చేరాక తెలిసేదేమంటే, సర్దేటప్పుడు ఏది కింద పెట్టామో అదే ముందు కావాలి. డేరా అన్నిటికన్నా అడుగున. బోర్డులు దించితే తప్ప పెట్టె మూత పూర్తిగా లేవదు. అంచేత దేనికోసమైతే గొడవపడ్డామో అవే ముందు దిగాయి. వాటిని ఎండలో వదిలేస్తే వ్యాక్సు కరుగుతుంది, ఎక్కువ వేడెక్కితే పొర లేచి బుడగలు కడుతుంది. చెట్టు నీడన పడుకోబెట్టి పాత దుప్పటి కప్పాం. "పిల్లల్ని పడుకోబెట్టినట్టు," అని అమ్మ నవ్వింది. ఇల్లుండగా ఈ గుడ్డకింద పడుకోవడమేమిటని దారంతా సణిగిన మనిషి, గంటలో రాళ్ళ మధ్య పొయ్యి కుదుర్చుకుని కుక్కరెక్కించింది. మూడో కూతకి పక్క డేరాలోంచి ఒకాయన కంగారుగా తొంగి చూశాడు.

మర్నాడు శాంటాక్రూజ్‌లో వెస్ట్ క్లిఫ్ రోడ్డు మీద నడిచాం. అక్కడ కొండకొమ్మున ఇటుకలతో కట్టిన చిన్న లైట్‌హౌస్ ఉంది. మార్క్ అబ్బాట్ అనే కుర్రాడు 1965లో, పద్దెనిమిదేళ్ళ వయసులో సముద్రంలో మునిగి చనిపోతే, అతని తల్లిదండ్రులు కొడుకు పేర కట్టించారు. 1986 నుంచి అది సర్ఫింగ్ మ్యూజియం. లోపల పాత రెడ్‌వుడ్ పలకల దగ్గర్నుంచి నేటి బోర్డుల దాకా ఉన్నాయి. కింద స్టీమర్ లేన్ అనే చోట కుర్రాళ్ళు అలల మీద ఉన్నారు.

నాన్నకి నేనేం చెప్పలేదు. బడిపంతులు కదా, రాసి ఉన్నదల్లా చదువుతాడు. పేరు, ఏడాది, వయసు చదివాడు. లోపలికెళ్ళి బోర్డులు చూసి వచ్చాడు. చాలాసేపు కమ్మి పట్టుకుని నిలబడి, "మేం పిల్లల్ని నీళ్ళ వైపే పోనివ్వలేదు. వీళ్ళు నీళ్ళ దగ్గరే కట్టి, లోపల ఈ చెక్కలే పెట్టుకున్నారు," అన్నాడు. ఏది సరైనదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆ తర్వాత, నాకు ఊహ తెలిశాక మొదటిసారి, చిన్నాన్న పేరు పెట్టి ఒక మాట చెప్పాడు. వాడికి మంచి ఈత వచ్చని, బోదెలో పడ్డ దూడని ఒకసారి తనే లాగాడని. అమ్మ కూడా అప్పుడే విన్నట్టుంది.

మధ్యాహ్నం కవెల్స్‌లో దిగాం, మా ఆవిడా నేనూ వంతులవారీగా. వార్ఫు పక్కన, మెత్తటి పొడుగాటి అలలుండే చోటు. కొత్తవాళ్ళంతా అక్కడే నేర్చుకుంటారు. ఒకరు నీళ్ళలో ఉంటే ఇంకొకరు పాప దగ్గర. ఆ ఏర్పాటు పాప పుట్టిన దగ్గర్నుంచీ మాకున్నదే. ఇద్దరం ఒకేసారి దిగం. నాన్నకి అది చెప్పకుండానే అర్థమయింది. మూడోసారి వంతు మారుతున్నప్పుడు, "ఇలాగైతే ఫర్వాలేదు," అన్నాడు, నాతో కాదు, అమ్మతో.

తిరుగు ప్రయాణంలో సామాను బరువెక్కుతుంది. తడి సూట్లు, ఇసుక, ఉప్పు. అవి ప్లాస్టిక్ తొట్టిలో, డిక్కీలో. పట్టీలు మంచినీళ్ళతో కడిగాకే మళ్ళీ కట్టాం. ఉప్పుంటే బిగించే కట్టు తుప్పుపట్టి జారుతుంది. నాన్న ఈసారి కట్టేసి, వెనక్కి నాలుగడుగులేసి రోడ్డు మీద నిలబడి చూశాడు. ఏం చూస్తున్నావంటే, "వెనకాల వచ్చేవాడు ఇక్కడ ఉంటాడు గదా," అన్నాడు.

నేను లెక్కలన్నీ నా బోర్డు కోసం వేశాను. చిట్లకూడదని, పొర లేవకూడదని. ఆయన నిలబడింది వెనకవాడి చోట. అమెరికాలో ఏఏఏ సంస్థ వాళ్ళ 2016 నివేదిక ఒకటుంది. 2011 నుంచి 2014 దాకా నాలుగేళ్ళలో రోడ్డు మీద పడ్డ వస్తువుల వల్ల రెండు లక్షలకి పైగా ప్రమాదాలు జరిగాయనీ, 500 మందికి పైగా పోయారనీ అందులో ఉంది. వాటిలో దాదాపు మూడింట రెండు వంతులు సరిగ్గా కట్టని సామాను వల్లా, బాగుచెయ్యని బళ్ళనుంచి ఊడిపడ్డ భాగాల వల్లా జరిగినవి. మన సరదాకి కారణం మనం ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ దాన్ని నెత్తిన పెట్టుకుని పదిమంది నడిచే దారిలోకి వెళ్తున్నప్పుడు, ఊడిపోకుండా కట్టే బాధ్యత మాత్రం మనదే. ఆ బోర్డు ఎందుకో తెలియని మనిషి, తెలుసుకోవలసిన అవసరం లేని మనిషి, మన వెనకే వస్తుంటాడు. అతనికీ ఒక పిల్ల ఉండొచ్చు.

అమ్మానాన్నా అక్టోబరులో వెళ్ళిపోయారు. బోర్డులు గరాజు గోడకి ఉన్నాయి. ఇప్పుడు ఫోనులో సముద్రం సంగతి దాచడం లేదు. శనివారం వెళ్ళామంటే, నాన్న అల ఎంతుందని అడగడు, ఎందుకెళ్ళావనీ అడగడు.

"మధ్యలో ఆపి బిగించావా?" అంటాడు.

"బిగించాను నాన్నా."

"సరే, అమ్మకిస్తున్నా," అంటాడు.